జంట పరమాణువుల వాయువులు: గోదావరి ఇళ్ళలో, చెరువుల దగ్గర చేయవలసినవి, చేయకూడనివి

మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. రెండూ రెండేసి పరమాణువులు జతకట్టి తిరిగే అణువులే. హైడ్రోజన్, క్లోరిన్ కూడా అంతే. కార్బన్ మోనాక్సైడ్‌లో జత మాత్రం వేరు: ఒక కార్బన్, ఒక ఆక్సిజన్. బడిలో వీటిని ద్విపరమాణుక అణువులని చదువుకుని, ఫార్ములాలు వల్లెవేసి, పరీక్ష అయిపోయాక మరిచిపోతాం. గోదావరి డెల్టాలో మాత్రం ఈ ఐదింటితోనూ రోజూ పని పడుతూనే ఉంటుంది. రొయ్యల చెరువుకు ఆక్సిజన్ కావాలి. మంచినీళ్ళ ట్యాంకుకు క్లోరిన్ కావాలి. గేదెకు ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయడానికి గోపాలమిత్ర మోసుకొచ్చే క్యానులో ఉండేది ద్రవ నైట్రోజన్. తీర్థంలో పిల్లలు పట్టుకునే గ్యాస్ బూరలో చాలాచోట్ల హైడ్రోజనే. కరెంటు పోయిన రాత్రి జనరేటరు పొగలో వచ్చేది కార్బన్ మోనాక్సైడ్.

వీటిలో క్లోరిన్ ఒక్కటే ముక్కుకు తెలుస్తుంది, కంటికి పసుపుపచ్చగా కనబడుతుంది. మిగతా నాలుగింటికీ రంగు లేదు, వాసన లేదు. అందుకే "ఏమీ వాసన రావడం లేదు కదా" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఈ వ్యాసంలో చెప్పేవాటిలో చాలావరకు ఎవరికి వారు చేసుకోగలిగినవే. పెద్ద ఖర్చు కూడా లేదు.

పడిపోయినవాడి వెనక దిగవద్దు

అన్నిటికన్నా ముందు ఇది చెప్పాలి. మన ప్రాంతంలో ప్రాణాలు తీసేది విషవాయువు ఒక్కటే కాదు, ఆక్సిజన్ లేని గాలి కూడా.

2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర నల్లంవారి తోటలోని ఆక్వా కర్మాగారంలో ట్యాంకు శుభ్రం చేస్తూ ఐదుగురు కార్మికులు చనిపోయారు. 2023 ఫిబ్రవరి 9న పెద్దాపురం మండలం జి.రాగంపేటలో నూనె ట్యాంకు కడగడానికి దిగి ఏడుగురు ఊపిరాడక పోయారు. ఇలాంటి ప్రమాదం ఎక్కడ జరిగినా తీరు ఒక్కటే. ఒకడు దిగుతాడు, పడిపోతాడు. "అయ్యో, కళ్ళు తిరిగినట్టున్నాయి" అని పక్కవాడు దిగుతాడు. అతని కోసం మరొకడు. అన్నదమ్ములు, బావమరుదులు, ఒకే వీధివాళ్ళు. ప్రేమ కొద్దీ దిగినవాళ్ళే ఒకరి మీద ఒకరు పడి ఉంటారు.

ఎందుకలా జరుగుతుంది? మూసిన ట్యాంకులో అడుగున మిగిలిన మడ్డి కుళ్ళుతూ ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఏమీ లేని ఖాళీ ఇనుప ట్యాంకయినా సరే, లోపలి గోడలు తుప్పు పట్టడానికి కూడా ఆక్సిజనే కావాలి, దాన్ని గాలిలోంచే లాక్కుంటాయి. 21 శాతం ఉండాల్సింది 19.5 కన్నా తగ్గితే ఆ చోటు మనిషి దిగడానికి పనికిరాదు. 16కి వచ్చేసరికి తల దిమ్మెక్కుతుంది, ఆలోచన మందగిస్తుంది. 10 దగ్గర స్పృహ పోతుంది. 6 కన్నా తగ్గితే కొద్ది నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఉక్కిరిబిక్కిరి అయితే పైకి వచ్చేస్తాంలే అనుకుంటాం గానీ, మన ఒంట్లో ఉక్కిరిబిక్కిరి పుట్టించేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్ పోగవడం. ఆక్సిజన్ తగ్గినంత మాత్రాన ఆ హెచ్చరిక రాదు. మోకాళ్ళు మడతపడే దాకా మనిషికి ఏమీ తెలియదు.

దిగే ముందు చేయవలసింది ఇది. మూతలన్నీ తీసి, బ్లోయరుతో బయటి గాలిని అడుగుదాకా పంపాలి. ఊరికే మూత తీసి గంట ఆగితే చాలదు. ఆక్సిజన్ ఎంత ఉందో, విషవాయువులు ఉన్నాయో లేవో చూపే మీటరును తాడుతో దించి పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా చూడాలి. దిగే మనిషికి నడుముకే కాక భుజాలకూ పట్టే బెల్టు కట్టి, దాని తాడు బయట మనిషి చేతిలో ఉంచాలి. బయట నిలబడ్డ ఆ మనిషికి ఒక్కటే పని: తాడు లాగడం, కేక వేయడం. అతను ఏ పరిస్థితిలోనూ లోపలికి దిగకూడదు.

మన ఊళ్ళలో నూతిలో దిగే ముందు లాంతరు దించి చూసే అలవాటు ఉంది. దీపం ఆరిపోతే దిగకూడదన్నది నిజం. ఆరలేదు కాబట్టి దిగవచ్చన్నది మాత్రం తప్పు. ఆక్సిజన్ 16 శాతం దాకా పడిపోయినా దీపం వెలుగుతూనే ఉంటుంది, పక్కనే ఉన్న కార్బన్ మోనాక్సైడ్ సంగతి అది చెప్పదు. సెప్టిక్ ట్యాంకులోకి దీపం దించితే అక్కడి మీథేన్ అంటుకుని పేలే ప్రమాదం కూడా ఉంది. అసలు సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మెషిన్ బండిని పిలిపించండి.

నూతిలోకి ఆయిల్ ఇంజను దించి నీళ్ళు తోడటం మరో పెద్ద తప్పు. నూతిలో ఉన్న ఆక్సిజన్‌ను ఇంజను తినేసి, దాని బదులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. ఇంజను గట్టు మీదే ఉండాలి, పైపు మాత్రమే లోపలికి వెళ్ళాలి.

ఎవరైనా పడిపోతే 101కీ 108కీ ఫోను చేయండి. బ్లోయరుంటే లోపలికి గాలి కొట్టండి. తాడు కట్టి ఉంటే లాగండి. ఆక్సిజన్ సిలిండరు తెచ్చి లోపలికి వదలాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. ఆ గాలిలో ఒక నిప్పురవ్వ పడితే బట్టలు, జుట్టు, నూనె మరకలు అన్నీ భగ్గుమంటాయి. తాడు లేకపోతే, ఊపిరి తొడుగులున్న అగ్నిమాపక సిబ్బంది వచ్చేదాకా ఒడ్డున ఆగడం ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాను. అక్కడ గుమిగూడినవాళ్ళలో ఒకరైనా గట్టిగా నిలబడి, రెండోవాడి చొక్కా పట్టుకుని ఆపాలి.

కుంపటి, గీజరు, జనరేటరు

బొగ్గు, కర్ర, డీజిల్, గ్యాస్ ఏది కాలినా, చాలినంత ఆక్సిజన్ అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. గాలిలో పదివేల పాళ్ళకు 12 పాళ్ళు చేరినా ప్రాణాపాయమే. తాడిపత్రిలో 2018 జులై 12న ఉక్కు కర్మాగారంలో ఈ వాయువు లీకై ఆరుగురు కార్మికులు చనిపోయారు. కర్మాగారం దాకా వెళ్ళనక్కరలేదు, ఇది ఇళ్ళలోనే పుడుతుంది.

బాలింత గదిని తీసుకోండి. చలిగాలి తగలకూడదని కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసి తలుపు దగ్గరగా వేస్తారు. మన పెద్దవాళ్ళ కాలంలో తాటాకిళ్ళు, పెంకుటిళ్ళు. పైకప్పులోంచి, చూరులోంచి గాలి ఆడుతూనే ఉండేది. ఇప్పుడు స్లాబు ఇల్లు, అద్దాల కిటికీ, కొన్నిచోట్ల ఏసీ గది. కుంపటి అదే, గది వేరు. పొగ తగ్గి, బొగ్గులు ఎర్రగా కణకణలాడేటప్పుడు ఇక ఫరవాలేదనుకుంటాం. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వచ్చేది అప్పుడే. తల్లికి తలనొప్పి, వికారం వస్తే నిద్రలేమి అనుకుంటారు, బిడ్డ మగతగా ఉంటే హాయిగా నిద్రపోతోందనుకుంటారు.

అమ్మమ్మలూ, నాయనమ్మలూ, మీకు నా మనవి ఒక్కటే. సాంబ్రాణి పొగ వేయాలనుకుంటే తలుపు, కిటికీ రెండూ తెరిచి, పెద్దావిడ చేతిలో ధూపం పట్టుకుని వేసి, వెంటనే బయటికి తెచ్చేయాలి. నిప్పులున్న కుంపటి గదిలో ఉండగా తల్లీబిడ్డా నిద్రపోకూడదు. వెచ్చదనానికి దుప్పట్లు, స్వెట్టర్లు, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం చాలు.

స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టకూడదు. గీజరును బయటి గోడకు బిగించి, వేడినీళ్ళ పైపు మాత్రమే లోపలికి తేవాలి. ఇప్పటికే లోపల ఉంటే, వెంటిలేటరు మూయకుండా, బకెట్టు నిండాక గీజరు కట్టేసి ఆ తర్వాతే స్నానానికి వెళ్ళండి.

తుపాను రోజుల్లో ప్రమాదం రెట్టింపవుతుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపాను చూసినవాళ్ళకు కరెంటు లేని రోజులంటే ఏమిటో తెలుసు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటినప్పుడు కూడా ఊళ్ళకు ఊళ్ళు చీకట్లో ఉన్నాయి. అలాంటి రాత్రి చెరువు గట్టున ఏరేటర్లు ఆగకూడదని జనరేటరు నడుపుతారు. వాన కొడుతోంది కాబట్టి దాన్ని షెడ్డులోకి లాగుతారు. కాపలా మనిషి కూడా ఆ షెడ్డులోనే మంచం వేసుకుంటాడు. మోత వల్ల నిద్ర పట్టదనుకుంటాం గానీ, ఈ వాయువు మత్తులోకి దించేస్తుంది. జనరేటరు షెడ్డుకు గోడలు వద్దు, కప్పు చాలు. మనిషి పడుకునే చోటు దానికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, గాలి వచ్చే వైపు ఉండాలి. సైలెన్సరు పైపును గది కిటికీ వైపు తిప్పకండి. ఇంట్లో వరండాలో, మెట్ల కింద, గ్యారేజీలో జనరేటరు నడపకండి. ఏసీ వేసుకుని ఆగి ఉన్న కారులో అద్దాలు మూసి నిద్రపోకండి.

ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతి, నీరసం వస్తే, బయటికి రాగానే తగ్గితే, దీన్నే అనుమానించండి. వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి. నిమ్మరసం, మజ్జిగ తాగిస్తూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి. కరోనా తర్వాత చాలా ఇళ్ళలో వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంది. దాన్ని ఇక్కడ నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ ఉన్నదానిలాగే లెక్కపెడుతుంది, ప్రాణం పోతున్న మనిషికి కూడా 98 చూపించగలదు. మామూలు గాలిలో ఈ వాయువు రక్తంలో సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆసుపత్రిలో పూర్తి ఆక్సిజన్ పెడితే గంటన్నర లోపే. అందుకే ఆసుపత్రికి వెళ్ళాలి. డాక్టరుకు "మూసిన గదిలో కుంపటి ఉంది" అన్న మాట తప్పకుండా చెప్పాలి.

క్లోరిన్: నీటికి మేలు, ఊపిరికి కీడు

గోదావరి కాలువ నీరు పట్టణాల్లో కుళాయిలోకి వచ్చేలోపు క్లోరిన్ కలుపుతారు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, లక్షల మంది స్నానం చేసే, తాగే నీటికి మళ్ళీ అదే దిక్కు. ఈ వాయువు తయారయ్యేది కూడా మన దగ్గరే. కొవ్వూరు, సగ్గొండల్లోని కాస్టిక్ సోడా కర్మాగారాలు, 2022 ఏప్రిల్‌లో బలభద్రపురంలో ప్రారంభమైన కర్మాగారం ఉప్పునీటిలోకి కరెంటు పంపి కాస్టిక్ సోడాతో పాటు క్లోరిన్‌ను, హైడ్రోజన్‌ను తీస్తాయి. ఒత్తిడితో ద్రవంగా మార్చిన క్లోరిన్‌ను 900 కిలోలు పట్టే టన్నర్లలో నింపి లారీల మీద పంపుతారు. సిలిండరుకు పసుపు రంగు, లారీ మీద బోర్డులో 1017 అన్న అంకె ఉంటే అది క్లోరిన్. ప్రమాదంలో పడ్డ లారీ కనబడితే ఆ అంకెను దూరం నుంచే చూసి 101కి చెప్పండి. వాళ్ళు ఏ సామగ్రితో రావాలో ఆ నాలుగంకెలే నిర్ణయిస్తాయి.

ఇళ్ళలో జరిగే క్లోరిన్ ప్రమాదాలకు లారీతో పనిలేదు. బాత్రూము మరకలు పోలేదని బ్లీచింగు చల్లి, దాని మీద టాయిలెట్ యాసిడ్ పోస్తారు. రెండూ కలిస్తే అక్కడికక్కడే క్లోరిన్ వాయువు పైకి లేస్తుంది. చిన్న గది, మూసిన తలుపు, కిందికి వంగి రుద్దుతున్న మనిషి. ఒకటి వాడితే రెండోది ముట్టుకోకండి. బ్లీచింగు వాడిన చోట నీళ్ళు బాగా పోసి కడిగి, మర్నాడు యాసిడ్ వాడుకోండి. ఇంట్లో పనిచేసే అమ్మాయికి రెండు సీసాలూ ఒకేసారి ఇవ్వకండి. ఆమెకు ఈ సంగతి చెప్పాల్సిన బాధ్యత మనదే.

రొయ్యల రైతులకు బ్లీచింగు బస్తాల లెక్కన వస్తుంది. దాన్ని ఎరువుల గదిలో దించేస్తారు. పక్కనే యూరియా, యాసిడ్ క్యాన్లు, డీజిల్ డబ్బాలు. ఇంతకన్నా ప్రమాదకరమైన సర్దుబాటు లేదు. యూరియా, అమ్మోనియా ఎరువులతో బ్లీచింగు కలిస్తే నైట్రోజన్ ట్రైక్లోరైడ్ అనే పేలే పదార్థం పుట్టవచ్చు. డీజిల్, నూనె కలిస్తే వేడెక్కి అంటుకోవచ్చు. యాసిడ్ కలిస్తే క్లోరిన్. బ్లీచింగుకు వేరే గది, పొడి నేల, కింద చెక్క బల్లలు, గాలి ఆడే కిటికీ ఉండాలి. చెమ్మ తగిలిన బస్తాను మళ్ళీ గట్టిగా మూసి కట్టకండి. చెరువులో చల్లేటప్పుడు గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. తలకట్టు తువ్వాలు ముక్కుకు చుట్టుకుంటే చాలదు, కళ్ళద్దాలు, రబ్బరు చేతితొడుగులు, క్లోరిన్‌కు సరిపడే మాస్కు కావాలి. కలిపేటప్పుడు నీళ్ళలోకి బ్లీచింగు వేయండి, బ్లీచింగు కుప్ప మీద నీళ్ళు పోయకండి.

వరద తర్వాత నూతి నీటిని శుద్ధి చేయాలంటే మంచి బ్లీచింగు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు. బకెట్టులో కలిపి, సున్నం అడుగుకు దిగాక, పైతేట మాత్రమే నూతిలో పోయాలి. అడుగున మిగిలిన సున్నపు మడ్డి పారబోయాలి. గంట ఆగాక నీళ్ళు వాడుకోవచ్చు. అప్పటికి లీటరులో 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేసి చెబుతారు. వరద నీటితో బురదగా ఉన్న నూతికి ఎక్కువ మోతాదు కావాలి, కానీ చేతికి వచ్చినంత వేసేయకుండా ఆరోగ్య కార్యకర్తను అడగండి. పాతబడి చెమ్మగిల్లిన బ్లీచింగులో శక్తి పోతుంది, ఎంత వేసినా క్రిములు చావవు.

ఇక నీటి శుద్ధి కేంద్రంలో టన్నరు లీకయితే? అక్కడి ఆపరేటరుకు తెలిసిన విషయాలే అయినా, పక్కన కాపురం ఉండేవాళ్ళూ తెలుసుకోవాలి. లీకు ఎక్కడుందో వెతకడానికి అమ్మోనియా ద్రావణంలో ముంచిన గుడ్డను పుల్లకు చుట్టి కీలు దగ్గర పట్టుకుంటారు. తెల్లటి పొగ లేచిన చోటే లీకు. లీకు మీద నీళ్ళు కొట్టకూడదు, నీటితో క్లోరిన్ కలిసి పుట్టే యాసిడ్ ఇనుమును తినేసి రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. వీలయితే టన్నరును దొర్లించి, లీకు పై భాగంలోకి వచ్చేలా చేస్తారు. అప్పుడు ద్రవం బదులు వాయువే పోతుంది. ద్రవం ఒక లీటరు బయటపడితే 460 లీటర్లకు పైగా వాయువవుతుంది, తేడా అక్కడుంది. ఈ పని ఊపిరి తొడుగు వేసుకున్న ఇద్దరు కలిసి చేయాలి, ఒక్కరు ఎప్పుడూ వెళ్ళకూడదు.

క్లోరిన్ గాలి కన్నా రెండున్నర రెట్లు బరువు. నేల మీద పాకుతుంది, కాలువల్లో, గుంటల్లో నిలుస్తుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం దీన్నే వదిలినప్పుడు కందకాల్లో ఉన్న సైనికుల మీదికి అది దిగిపోయింది. కాబట్టి నేల మీద పడుకోవద్దు, కాలవలోకి దిగవద్దు. మన డెల్టాలో కొండలుండవు. ఏటిగట్టు ఎక్కండి, మేడ ఎక్కండి. కొబ్బరాకులు ఎటు ఊగుతున్నాయో చూసి, గాలికి అడ్డంగా నడుస్తూ వాసన పరిధి దాటండి. వెళ్ళే వీలు లేకపోతే పై అంతస్తులో గదిలోకి వెళ్ళి తలుపులు, కిటికీలు మూసి, ఏసీ, ఎగ్జాస్టు ఫ్యాను ఆపేసి, సందుల్లో తడిగుడ్డలు పెట్టండి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే కొంత క్లోరిన్ ఆ నీటిలో కరుగుతుంది. ఆ గుడ్డ బయటపడటానికే, మళ్ళీ లోపలికి వెళ్ళడానికి కాదు.

క్లోరిన్ తగిలిన మనిషి బట్టలు విప్పించి, కళ్ళను పావుగంట సేపు శుభ్రమైన నీటితో కడగండి. పడుకోబెట్టకుండా ఆనించి కూర్చోబెట్టండి. నడిపించకండి, పరిగెత్తించకండి. దగ్గు తగ్గింది కదా అని ఇంటికి పంపేయకండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత మొదలు కావచ్చు, ఆ ఒక రోజంతా డాక్టరు కనుసన్నల్లో ఉండాలి.

ఆక్సిజన్ సిలిండరు ఇంట్లో ఉంటే

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ద్రవ ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యమై, పైపుల్లో ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయారని ప్రభుత్వం ప్రకటించింది. ఆ కరోనా రోజుల్లో ఇళ్ళకు చేరిన సిలిండర్లు, కాన్సంట్రేటర్లు చాలా ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. ఊపిరితిత్తుల జబ్బున్న పెద్దవాళ్ళు వాడుతున్నారు. ఆక్సిజన్ తానుగా మండదు, మిగతావాటిని మండిస్తుంది.

ఆ గదిలో దీపారాధన, అగరబత్తి, హారతి కర్పూరం, దోమల చుట్ట, చుట్టా బీడీ ఏవీ వద్దు. గొట్టం పెట్టుకున్న తాతగారు ఆక్సిజన్ ఆపేసి వెంటనే బీడీ ముట్టించినా ప్రమాదమే, బట్టల్లో, దుప్పటిలో ఆక్సిజన్ కాసేపు నిలిచి ఉంటుంది. రెగ్యులేటరు గట్టిగా తిరుగుతోందని కొబ్బరినూనె రాయకండి. ఒత్తిడి కింద ఉన్న ఆక్సిజన్ నూనెకు తగిలితే నిప్పు లేకుండానే అంటుకోవచ్చు. తలకు నూనె రాసిన చేతులు కడుక్కున్నాకే వాల్వు ముట్టుకోండి. పెదవులు ఎండుతుంటే వాజలైన్ లాంటి చమురు జిడ్డు బదులు నీటితో చేసిన జెల్ వాడండి. సిలిండరును గొలుసుతో గోడకు కట్టి నిలబెట్టండి. నల్ల ఒళ్ళు, తెల్ల మెడ ఉన్నది వైద్య ఆక్సిజన్ సిలిండరు. వెల్డింగు షాపు సిలిండరు తెచ్చి రోగికి పెట్టకండి.

చెరువుల వాళ్ళు అత్యవసరానికి వాడే ఆక్సిజన్ మాత్రలకూ ఇదే జాగ్రత్త: తడి చేతులతో డబ్బా తీయవద్దు, గడ్డి, కాగితం, డీజిల్ దగ్గర ఉంచవద్దు. తెల్లవారుజామున రొయ్య పైకి తేలుతోందని కంగారుపడి తడి గట్టు మీద, చీకట్లో, ఏరేటరు వైర్లను చేత్తో సరిచేయబోయి కరెంటు కొట్టించుకునేవాళ్ళున్నారు. చెరువులో ఆక్సిజన్ అట్టడుగుకు చేరేది తెల్లారే ముందే అని రైతుకు తెలుసు. టార్చి, రబ్బరు బూట్లు ఆ వేళకు ముందే సిద్ధంగా ఉండాలి, మెయిన్ ఆపాకే వైరు ముట్టుకోవాలి.

ద్రవ నైట్రోజన్

గోపాలమిత్ర క్యానులో ఉండేది సున్నా కంటే 196 డిగ్రీలు కిందికి చల్లబడ్డ నైట్రోజన్. ఒక్క లీటరు ఆవిరయితే 700 లీటర్ల దాకా వాయువవుతుంది. అందుకే క్యాను మూతను బిగించి సీలు వేయకూడదు. అద్దాలు మూసిన కారులో, నిద్రపోయే గదిలో పెట్టకూడదు. వీర్యం నింపిన స్ట్రా తీసేటప్పుడు పొడవైన శ్రావణం వాడాలి, వదులైన చేతితొడుగులు వేసుకోవాలి. చల్లటి పొగ చూసి మురిసిపోయే పిల్లలను దూరంగా ఉంచాలి.

పెళ్ళిళ్ళలో నోట్లోంచి పొగ వచ్చే పాన్, బిస్కెట్లు పెడుతున్నారు. గోదావరి జిల్లాల విందులో కొత్తదనానికి లోటుండదు గానీ ఇది వద్దు. 2024లో బెంగళూరులో ఒక పన్నెండేళ్ళ పాప పొగ పాన్ తిని కడుపులో రంధ్రం పడి ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది. మెనూ రాయించే పెద్దలే ఆ వరస కొట్టేయాలి.

హైడ్రోజన్: ఇన్వర్టరు పక్కన, తీర్థంలో

ఇన్వర్టరు బ్యాటరీ చార్జవుతున్నప్పుడు హైడ్రోజన్ వస్తుంది. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత ఉన్నా అంటుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. మంట పగటి వెలుగులో దాదాపు కనబడదు. బ్యాటరీని దేవుడి గదిలో, మెట్ల కింద మూసిన అరలో పెట్టకండి. నీళ్ళు పోసేటప్పుడు లైటరు వెలిగించి చూడకండి. తీగలు తీసే ముందు చార్జింగు ఆపండి. ఆటో బ్యాటరీలు చార్జి చేసే షాపులో కిటికీ రోజంతా తెరిచి ఉండాలి.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికీ, అంతర్వేది కళ్యాణానికీ వెళ్ళే పిల్లలకు గ్యాస్ బూర మీదే చూపు. కొందరు అమ్మేవాళ్ళు పాత సిలిండరులో కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు, నీళ్ళు వేసి అక్కడికక్కడే హైడ్రోజన్ తయారుచేస్తారు. లోపల వేడి, ఒత్తిడి ఎంత పెరిగాయో చెప్పే మీటరు ఉండదు. అది పేలితే ఇనుప ముక్కలు జనం మధ్యకు వస్తాయి. ఒళ్ళంతా అతుకులున్న, తుప్పు పట్టిన సిలిండరు బండి చుట్టూ నిలబడకండి. పిల్లలను కనీసం యాభై అడుగుల దూరం తీసుకువెళ్ళండి. హీలియం నింపిన బూరలే కొనండి, హీలియం అణువులో ఒక్కటే పరమాణువు, అది మండదు. ఏ వాయువో తెలియని బూరల గుత్తిని కారులోకి తేకండి, పుట్టినరోజు కొవ్వొత్తుల దగ్గర కట్టకండి, సభల్లో టపాసుల పక్కన ఎగరేయకండి. గొంతు మారుతుందని ఏ బూరలోని గాలినీ పీల్చనివ్వకండి, ఆ గుక్కలో ఆక్సిజన్ ఉండదు.

తీర్థం కమిటీలు స్టాళ్ళకు చోటు ఇచ్చే రోజే బూరల బండిని చూడాలి. హీలియం సిలిండరు అయితే దాని మీద కంపెనీ ముద్ర, పరీక్ష చేసిన తేదీ ఉంటాయి. అవి లేని బండికి చోటు ఇవ్వకుండా, పక్కనే ఉన్న బందోబస్తు పోలీసులకు, అగ్నిమాపక కేంద్రానికి అదే రోజు చెప్పాలి.